వడి, వేగం, త్వరణం: బస్సు ప్రయాణంలోనే తేడా తెలుసుకోవడం ఎలా?

"బస్సు వేగంగా పోతోంది" అని రోజూ అంటాం. భౌతికశాస్త్రం పుస్తకం తెరవగానే ఆ ఒక్క మాటే వడి, వేగం అని రెండుగా చీలుతుంది. పిల్లలు తడబడేది సూత్రాల దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ. అందుకే హనుమకొండలో వరంగల్ స్టేషన్‌కు వెళ్లే బస్సెక్కి, డ్రైవరు ముందున్న మీటరు కనిపించే చోట కూర్చోండి.

ముందు ముల్లును గమనించండి. అది 36 దగ్గరుంటే గంటకు 36 కిలోమీటర్లు. దాన్ని 5/18తో గుణిస్తే సెకనుకు 10 మీటర్లు. ఇది వడి. బస్సు ఎటు పోతోందో ఆ ముల్లు చెప్పదు.

ఇప్పుడు దిశను చేర్చండి. "సెకనుకు 10 మీటర్లు, తూర్పుకు" అంటే వేగం. భద్రకాళి చెరువు కట్ట మీద 600 మీటర్లు నడిచి, అదే దారిన బయల్దేరిన చోటికే వచ్చారనుకుందాం. మొత్తం 20 నిమిషాలు పడితే సరాసరి వడి సెకనుకు 1 మీటరు. సరాసరి వేగం మాత్రం సున్నా, ఎందుకంటే స్థానభ్రంశమే, అంటే మొదలైన చోటికీ చేరిన చోటికీ మధ్య తేడాయే లేదు.

ఇక త్వరణం, అంటే వేగం మారే రేటు. దీన్ని కంటితో కంటే ఒంటితో తెలుసుకోవడం తేలిక. ఆగిన బస్సు 5 సెకన్లలో సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుంటే, సగటున ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 2 మీటర్ల చొప్పున పెరిగినట్టు, అంటే త్వరణం 2 మీ/సె². అప్పుడు వీపు సీటుకు ఆనుతుంది. బ్రేకు వేస్తే ముందుకు తూలుతాం, అప్పుడు త్వరణం వెనక్కి ఉంటుంది. అసలు చిక్కు మలుపులో ఉంది. కూడలి చుట్టూ తిరిగేటప్పుడు ముల్లు 20 దగ్గరే కదలకుండా ఉన్నా మనం పక్కకు ఒరుగుతాం. వడి మారలేదు, దిశ మారింది, కాబట్టి వేగం మారింది. అంటే త్వరణం ఉంది, అదీ మలుపు లోపలి వైపుకు.

వడి ఎక్కువైతే త్వరణమూ ఎక్కువే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కాజీపేట దాటి తిన్నని పట్టాల మీద గంటకు 90 కిలోమీటర్ల వడితో నిలకడగా సాగే రైలు త్వరణం సున్నా.

ఇంటికి చేరాక ఒక బంతిని నిటారుగా పైకి విసరండి. శిఖరాన ఒక్క క్షణం దాని వేగం సున్నా. త్వరణం మాత్రం అప్పుడూ కిందికి 9.8 మీ/సె²గానే ఉంటుంది. అది కూడా సున్నా అయి, అలాగే ఉండిపోతే బంతి గాలిలోనే నిలిచిపోయేది.