ఇంగ్లీషువాళ్ల తప్పులకు తెలుగు విభక్తుల పరీక్ష

ఇంగ్లీషులో ‘డిస్కస్ అబౌట్’ (‘డిస్కస్’ ఒక్కటే చాలు) లాంటివి మన తప్పులు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల తప్పులు వేరు, ఎక్కువగా చెవి వల్ల వస్తాయి. ‘కుడ్ హావ్’ను కుదించి పలికితే ‘కుడవ్’ అవుతుంది. ‘ఆఫ్’ కూడా మాటల్లో ‘అవ్’ అనే వినిపిస్తుంది కాబట్టి ‘కుడ్ ఆఫ్’ అని రాసేస్తారు. కుడ్, షుడ్, వుడ్‌ల పక్కన రాయాల్సింది ‘హావ్’.

‘ఇట్స్’ను ‘ఇట్ ఈజ్’, ‘ఇట్ హాజ్’ అని విడదీయగలిగితేనే అపాస్ట్రఫీ (పైన పెట్టే కామా లాంటి గుర్తు) పెట్టాలి. ‘దాని’ అనే అర్థానికి పెట్టకూడదు.

అందరినీ తికమక పెట్టేది లై, లే. లై అంటే పడుకో, లే అంటే పడుకోబెట్టు. ‘దేన్ని?’ అని అడిగితే జవాబు దొరికేది రెండోదానికే. చిక్కంతా భూతకాలంలో ఉంది: మొదటిదానికి లై, లే, లెయిన్; రెండోదానికి లే, లెయిడ్, లెయిడ్. అంటే ‘పడుకున్నాను’ అనడానికి ‘ఐ లే డౌన్’ అనాలి (మన చెవికి లేవమన్నట్టుంటుంది!). చాలామంది ‘ఐ లెయిడ్ డౌన్’ అంటారు. బిడ్డను పడుకోబెట్టినప్పుడే ‘లెయిడ్’ సరి.

‘బిట్వీన్ యు అండ్ ఐ’ది ఇంకో దారి. ‘మి అండ్ జాన్ వెంట్’ అన్నందుకు చిన్నప్పుడు దిద్దించుకున్నవాళ్లు, ‘మి’ అంటేనే భయపడి అంతటా ‘ఐ’ వాడతారు. ‘నేను’ అయితే ‘ఐ’; నన్ను, నాకు (ఇచ్చాడు), నాతో అయితే ‘మి’. ‘గేవ్ ఇట్ టు జాన్ అండ్ ఐ’లో జాన్‌ను తీసేస్తే ‘టు ఐ’ మిగులుతుంది, తప్పు బయటపడుతుంది. ‘బిట్వీన్’కు ఇద్దరూ కావాలి గనుక తీసేయడం కుదరదు, అక్కడ ‘బిట్వీన్ అస్’ అని మార్చి చూడండి; ‘బిట్వీన్ వి’ అనం కదా, కాబట్టి ‘మి’యే సరి.

‘ఎవరు’కు హూ, ‘ఎవరిని, ఎవరికి (ఇచ్చావు)’లకు హూమ్. ‘హూమ్ షల్ ఐ సే ఈజ్ కాలింగ్?’ అనేది దర్జాగా వినిపించినా తప్పే: ‘ఎవరు ఫోన్ చేస్తున్నారని చెప్పను?’ కాబట్టి హూ. మాటల్లో మాత్రం ‘హూ డిడ్ యు మీట్?’ అంటే ఎవరూ తప్పు పట్టరు.

లెస్, ఫ్యూయర్‌ల దగ్గర తెలుగు సాయం చేయదు, మనకు రెండూ ‘తక్కువే’. లెక్కపెట్టేవాటికి ఫ్యూయర్ అంటారు. డబ్బు, దూరం, కాలం మాత్రం అంకెల్లో ఉన్నా లెస్సే: ‘లెస్ దాన్ 5 మైల్స్’. లెక్కపెట్టేవాటికి ఫ్యూయర్ బాగుంటుందని, ఇంగ్లీషు వాడుకపై పుస్తకం రాసిన రాబర్ట్ బేకర్ 1770లో తన అభిరుచిగా చెప్పిన మాట తర్వాత నియమమై కూర్చుంది. పరీక్షల్లో పాటించండి, కబుర్లలో ఎవరినీ దిద్దకండి.