డబ్బా దాచాక మొదలయ్యే పని: గోదావరి డెల్టాలో జియోక్యాష్ ఓనర్లకు సమస్య – పరిష్కారం

జియోక్యాష్ గురించి కొత్తగా వింటున్నవాళ్ళకు రెండు ముక్కలు. ఎవరో ఒక డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటు కోఆర్డినేట్లు వెబ్‌సైట్‌లో పెడతారు. మిగతావాళ్ళు ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి వెతుకుతారు. దొరికితే పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే ఉన్నట్టు పెట్టి వస్తారు. పౌరులు వాడే జీపీఎస్‌లో కావాలని కలుపుతూ వచ్చిన తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో ఆపేసింది. వెంటనే మే 3న ఆరెగాన్‌లో మొదటి డబ్బా దాచారు. ఆట అక్కడ పుట్టింది.

ఈ ఆటలో దాచినవాళ్ళే ఓనర్. అప్పుడప్పుడూ వెళ్ళి చూడటం, బాగాలేదని ఎవరైనా రాస్తే బాగుచేయడం, ఇక కుదరదనుకుంటే తీసేయడం, ఇవన్నీ ఓనర్ పనులేనని జియోకేషింగ్ డాట్ కామ్ నియమాలు చెబుతాయి. మన డెల్టాలో ఈ పని ఇంకాస్త ఎక్కువ. ఇక్కడ ఏ చోటూ ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. మార్చిలో మనం నడిచిన ఇసుక తిన్నె ఆగస్టులో ఏటి అడుగున ఉంటుంది. నిండుగా పారే కాలువ వేసవిలో కట్టేస్తే అడుగు కనిపిస్తుంది. నేను చూసిన సమస్యల్లో చాలావాటికి మూలం ఒక్కటే: దాచిన రోజున ఆ చోటు ఎలా ఉందో చూశాం తప్ప మిగతా పదకొండు నెలలు ఎలా ఉంటుందో ఆలోచించలేదు.

సమస్య: లాగ్‌బుక్ తడిసి ముద్దయింది

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. నా డబ్బా ఒకటి ఒక రైతు అనుమతితో ఆయన కొబ్బరి తోట గట్టున ఉండేది. అక్టోబరులో ఒకాయన వెబ్‌సైట్‌లో ఆ డబ్బా పేజీ మీద రాసే లాగ్‌లో “లోపల నీళ్ళు” అని రెండే మాటలు రాశారు. వెళ్ళి చూస్తే డబ్బా పగల్లేదు, నాలుగు క్లిప్పులూ బిగించే ఉన్నాయి. లోపల మాత్రం వేలెడు నీళ్ళు. కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి, పేర్లన్నీ నీలంగా కారిపోయాయి. మూతలోని రబ్బరు రింగు మీద గోరు పెట్టి చుట్టూ లాగాను. ఒకచోట తగిలింది. కొబ్బరి పీచు పోగు, వెంట్రుకంత సన్నం. ఆ ఒక్క పోగు రబ్బరును ఎత్తిపట్టింది, వానాకాలమంతా నీళ్ళు దిగాయి.

అందుకే మొదట చూడాల్సింది రింగు. పీచు, ఇసుక, చీమల మట్టి ఏముందో చూసి తడిగుడ్డతో తుడవండి. రబ్బరు సాగిపోయినా, పగుళ్ళు వచ్చినా కొత్త డబ్బా కొనడమే మేలు. టేపు చుట్టి సరిపెట్టకండి. టేపు జిగురు ఎండకు కారి, తర్వాత వచ్చినవాళ్ళు మూత సరిగ్గా వేయలేకపోతారు.

రింగు బాగానే ఉన్నా లోపల చెమ్మ పడుతుంటే కారణం వేరు. మధ్యాహ్నం ఎండకు డబ్బాలోని గాలి వేడెక్కి, సందులుంటే బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక డబ్బా బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. మూత చుట్టూ నీళ్ళు నిలిచి ఉంటే గాలితో పాటు ఆ నీళ్ళనూ పీలుస్తుంది. అందుకని మూత పైకి చూసేలా కాకుండా పక్కకో కిందికో ఉండేలా పెట్టండి. మంచు పడే ఉదయాల్లో కాకుండా పొడి ఎండ ఉన్నప్పుడు తెరిచి మూయండి. తడి గాలిని లోపల పెట్టి మూత బిగిస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. సిలికా జెల్ పొట్లం కొన్నాళ్ళు పనిచేస్తుంది. నిండాక అది ఇక పీల్చదు, వచ్చినప్పుడల్లా మార్చాలి.

కొత్త డబ్బా పెట్టే ముందు నేను ఒక రాత్రి పరీక్ష చేస్తాను. లోపల టిష్యూ కాగితం, ఒక రాయి పెట్టి మూత బిగించి, నీళ్ళ బకెట్‌లో ముంచి వదిలేస్తాను. తెల్లారి కాగితం పొడిగా ఉంటేనే ఆ డబ్బా తోటకు వెళ్తుంది. స్వీట్ షాపు డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు ఈ పరీక్షలో నిలబడటం నేను చూడలేదు. పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి, పక్కన పెన్సిల్ ఉంచండి. జెల్ పెన్ను రాత తడి తగిలితే నిలవదు.

సమస్య: వరసగా “దొరకలేదు” అని లాగ్‌లు పడుతున్నాయి

ఒక్క డీఎన్‌ఎఫ్ (దొరకలేదనే లాగ్) వస్తే టెన్షన్ పడక్కర్లేదు. రాసినవారి పేరు మీద నొక్కి ఇప్పటిదాకా ఎన్ని కనుక్కున్నారో చూడండి. రెండు మూడే అయితే కొత్తవారై ఉండొచ్చు. వందలు కనుక్కున్నవాళ్ళు, అదీ ఇద్దరు వేర్వేరుగా దొరకలేదన్నారంటే మాత్రం బయల్దేరాలి. వెంటనే వెళ్ళడం కుదరకపోతే పేజీని తాత్కాలికంగా డిజేబుల్ చేయండి. కాకినాడ నుంచో రాజమహేంద్రవరం నుంచో ఆదివారం బస్సెక్కి వచ్చే మనిషి, లేని డబ్బా కోసం ఎండలో గంటసేపు తుప్పలు కదిలించడం ఎంత నిరుత్సాహమో ఒకసారి వెతికినవాళ్ళకు తెలుస్తుంది.

డబ్బా ఎందుకు పోయిందో మన దగ్గర కాలాన్ని బట్టి ఊహించొచ్చు.

వేసవిలో పోయిందంటే కాలువ పనులు చూడండి. రబీ కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అప్పుడే పూడిక తీస్తారు, గట్లు సరిచేస్తారు, తూటుకాడ, గుర్రపుడెక్క లాగేస్తారు. జేసీబీ వచ్చిన గట్టున డబ్బా మిగలదు. కాలువ గట్టున అసలు దాచకండి. పక్కన సొంత స్థలం ఉన్నవాళ్ళను అడిగి లోపలికి జరపండి. 161 మీటర్ల లోపు మార్పయితే ఓనరే కోఆర్డినేట్లు మార్చుకోవచ్చు, అంతకు మించితే రివ్యూయర్‌కు (వెబ్‌సైట్ తరఫున పేజీలను పరిశీలించేవారికి) రాయాలి. ఒక డబ్బాకూ ఇంకో డబ్బాకూ మధ్య ఉండాల్సిన దూరం కూడా 161 మీటర్లే. జరిపేటప్పుడు అదీ చూసుకోండి.

తోటలో పోయిందంటే దింపు జరిగిందేమో అడగండి. దింపు కార్మికులు కాయలు దించాక మట్టలు, డొక్కలు (కాయ మీది పీచు తొక్కలు) కుప్ప వేస్తారు. ఎండు డొక్కల కింద దాచిన డబ్బా ఆ డొక్కలతో పాటే వెళ్ళిపోతుంది. డొక్కలు వంటచెరుకు, పీచుకు సరుకు. దాచుకోడానికి అవి చోటు కావు.

జూలై నుంచి సెప్టెంబరు మధ్య లంకల్లో, అంటే ఏటి నడుమ దీవుల్లో, పోతే వరదే. దీనికి విరుగుడు ముందే చేయాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: భద్రాచలంలో మట్టం పెరుగుతోందని వార్త రాగానే ఏటిగట్టుకు ఏటివైపు ఉన్న డబ్బాలన్నీ డిజేబుల్ చేసి, దారి ఉండగానే తెచ్చేసుకుంటాను. మొదటి హెచ్చరిక వచ్చాక ఇక లంకకు వెళ్ళను. డబ్బా పోతే పోనీ. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. లంకల్లో మనుషులే పడవల మీద ఇళ్ళు వదిలి వచ్చిన రోజులవి. డబ్బా కోసం ఎవరూ అటు వెళ్ళకుండా ఉండాలంటే పేజీ డిజేబుల్ అయి ఉండాలి. ఇందులో మాత్రం ఆలస్యం చేసే ఓనర్‌ను నేను సమర్థించలేను.

నవంబరులో తుపానుల బెడద. 1996 నవంబరు 6న కోనసీమలో ఎన్ని కొబ్బరి చెట్లు నేలకూలాయో మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. చెట్టు పడితే డబ్బా, క్లూ, దారి అన్నీ పోతాయి. పేజీలో “మూడో కొబ్బరి చెట్టు” అని క్లూ రాసి ఉంటే ఆ చెట్టు నిలబడి ఉందో లేదో వెళ్ళి చూసి మార్చండి.

ఒక ముఖ్యమైన మాట. డబ్బా దొరకనివాళ్ళు కొందరు మంచి ఉద్దేశంతోనే “నేనే ఒకటి పెట్టేశాను” అంటారు. ఒప్పుకోకండి. పాతది కాస్త పక్కకు జరిగి అక్కడే ఉంటే ఒకే చోట రెండు డబ్బాలవుతాయి, సగంమంది ఒకదాంట్లో, సగంమంది ఇంకోదాంట్లో సంతకం చేస్తారు. “థాంక్స్, నేనే వచ్చి చూస్తాను” అని రాయండి.

సమస్య: కోఆర్డినేట్లు చూపే చోట ఏమీ లేదు

తేడా పది, పదిహేను మీటర్లయితే కొబ్బరి మట్టల నీడలో సిగ్నల్ చెదిరి ఉంటుంది. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు వెళ్ళి, ఫోన్ కాసేపు కదలకుండా పట్టుకుని రీడింగ్ తీసుకోండి. మూడింటి సగటు పెట్టండి.

తేడా కిలోమీటర్లలో ఉంటే అది రాసే పద్ధతిలో పొరపాటు. ఫోన్ మ్యాప్ 16.575 డిగ్రీలు అని చూపుతుంది. వెబ్‌సైట్ డిగ్రీలు, నిమిషాలు అడుగుతుంది. చుక్క తర్వాతి అంకెల్ని 60తో గుణించాలి: 0.575 × 60 = 34.5. అంటే 16 డిగ్రీల 34.5 నిమిషాలు. గుణించకుండా 57.5 నిమిషాలని రాస్తే డబ్బా 42 కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్ళిపోతుంది. అమలాపురం పక్కన దాచినదాన్ని జనం ఎక్కడో మెట్ట ప్రాంతంలో వెతుకుతారు.

సమస్య: ఊళ్ళోవాళ్ళు అనుమానపడుతున్నారు

“ఏం బాబూ, మా గట్టు మీద ఏం దాత్తన్నావ్?” అని పెద్దాయన అడిగితే తప్పు ఆయనది కాదు. పుంత దారిన ముక్కూముఖం తెలియనివాళ్ళు వచ్చి, ఫోన్ చూస్తూ, వంగి వంగి వెతుకుతుంటే ఎవరైనా అడుగుతారు. పైగా ఇది పాశర్లపూడి గ్యాస్ బావి మంట చూసిన నేల. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలిన బాధ ఇంకా ఉంది. పైపులైన్ దగ్గర, వంతెన కింద, అక్విడెక్టు దగ్గర, గుడి, బడి ప్రహరీలో తెలియని డబ్బా కనిపిస్తే పోలీసులకు ఫోన్ చేయడమే సరైన పని. అలాంటిచోట మీ డబ్బా ఉంటే ఈ వారమే తీసేయండి. కోరింగ మడ అడవి అభయారణ్యం. అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా ఏమీ పెట్టకూడదు.

మిగతాచోట్ల పరిష్కారం తేలికే. “బాబాయ్ గారూ, ఇది వెతుకులాట ఆటండి. ఇదిగో, లోపల పుస్తకం, పెన్సిలే ఉన్నాయండి” అని మూత తీసి చూపించండి. లోపల ఏముందో కనిపించే పారదర్శకమైన డబ్బా వాడండి, పైన ఇది జియోక్యాష్ అని తెలుగులో రాయండి. చూపించి అడిగినచోట నాకు వద్దన్నవాళ్ళు తక్కువ. ఆ తర్వాత తోటలో ఎవరు తిరిగారో, డబ్బా ఎప్పుడు కదిలిందో ఫోన్ చేసి చెప్పేది కూడా వాళ్ళే.

చీమలు, దుర్వాసన, తుప్పు

ఎవరో బహుమతిగా చాక్లెట్ పెట్టి ఉంటారు. తినేవి, సెంటు వాసన వచ్చేవి ఏవీ ఉండకూడదు. డబ్బా కడిగి ఎండబెట్టి మళ్ళీ పెట్టండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనుప డబ్బా, అయస్కాంతం త్వరగా తుప్పు పడతాయి. అక్కడ ప్లాస్టిక్కే మంచిది. అదీ నేరుగా ఎండ తగిలితే పెళుసెక్కుతుంది కాబట్టి నీడలో పెట్టండి. పుట్టల దగ్గర పెట్టొద్దని చెప్పక్కర్లేదనుకుంటాను.

సమస్య: బాగుచేశాక కూడా పేజీ మీద హెచ్చరిక పోలేదు

ఎనేబుల్ చేస్తే చాలదు. “ఓనర్ మెయింటెనెన్స్” లాగ్ విడిగా రాయాలి, అప్పుడే “ఓనర్ అటెన్షన్ రిక్వెస్టెడ్” గుర్తు పోతుంది. పుస్తకం మార్చారా, చోటు మార్చారా, ఒక ముక్క రాయండి. జవాబివ్వకుండా వదిలేస్తే రివ్యూయర్ నోట్ పెడతారు, సాధారణంగా నాలుగు వారాల గడువిస్తారు, ఆ తర్వాత ఆర్కైవ్ చేస్తారు, అంటే పేజీని మూసేస్తారు. పట్టించుకోనందుకు ఆర్కైవ్ అయినదాన్ని మామూలుగా తిరిగి తెరవరు.

సమస్య: ఓనర్ ఊళ్ళో లేరు

మన దగ్గర ఇది చాలా మామూలు. హైదరాబాద్‌లో ఉద్యోగం, గల్ఫ్‌లో పని, పెళ్ళయి వేరే ఊరు. డబ్బా మాత్రం గట్టునే ఉండిపోతుంది. వెళ్ళే ముందే ఏదో ఒకటి తేల్చండి: దగ్గర్లో ఉన్న తోటి ఆటగాడిని చూసుకోమని అడిగి ఆ సంగతి పేజీలో రాయడం, లేదా అడాప్షన్ ద్వారా పూర్తిగా అప్పగించడం, లేదా తీసేయడం. సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తాలే అనుకుంటే మధ్యలో ఒక వరద కాలం, ఒక తుపానుల కాలం గడిచిపోతాయి.

పేజీని ఆర్కైవ్ చేస్తే పని అయిపోయినట్టు కాదు. డబ్బాను చేత్తో తీయాలి. ఓనర్ వెళ్ళిపోయిన ఒక డబ్బాను ఆయన అడిగితే నేను తీసుకురావడానికి వెళ్ళాను. కొబ్బరి మానుకు ఇనుప తీగ చుట్టి కట్టారు. తీగ మానులోకి దిగి తుప్పు మరక కింది దాకా కారింది. కటింగ్ ప్లయర్‌తో కోసి, ముక్కముక్కగా లాగాల్సివచ్చింది. చెట్టుకు తీగ, మేకు ఎప్పుడూ వద్దు. అనేక అంచెలున్న క్యాష్ అయితే మధ్యలో పెట్టిన ట్యాగ్‌లు, చిన్న గొట్టాలు కూడా లెక్కపెట్టుకుని తీయండి. లోపల ట్రావెల్ బగ్ (డబ్బా నుంచి డబ్బాకు తిరిగే నంబరున్న బిళ్ళ) ఉంటే ఇంకో డబ్బాలో వేసి లాగ్ చేయండి. స్థలం ఇచ్చినవాళ్ళ ఇంటికి వెళ్ళి తీసేశామని చెప్పండి, తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తే వాళ్ళే సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.