యాంటీబాడీలో అదనపు సిస్టీన్ కనిపిస్తే ఏం చేయాలి

మానవ యాంటీబాడీ సీక్వెన్స్‌లో అదనపు సిస్టీన్ (గంధకమున్న అమినో ఆమ్లం) కనబడగానే దాన్ని సెరీన్‌గా మార్చేయకండి. దానికి జత, అంటే డైసల్ఫైడ్ బంధంతో ముడిపడిన మరో సిస్టీన్, ఉందో లేదో ముందు తేల్చుకోవాలి.

సీక్వెన్స్‌కి ఐఎమ్‌జీటీ (యాంటీబాడీ స్థానాలకు ప్రామాణిక నంబరింగ్ పద్ధతి) నంబర్లు వేయండి. హెవీ, లైట్ చెయిన్ల వేరియబుల్ భాగాల్లో 23, 104 స్థానాల సిస్టీన్లు మామూలువే. ఐజీజీ1 (ఒక యాంటీబాడీ రకం) అణువు మొత్తంలో 32 సిస్టీన్లు, 16 డైసల్ఫైడ్ బంధాలు ఉంటాయి. మీ లెక్క 34 వస్తే ప్రతి సగంలోనూ (ఒక హెవీ, ఒక లైట్ చెయిన్) ఒకటి ఒంటరిగా మిగిలిందన్నమాట. 36 వస్తే జత ఉండే అవకాశం ఉంది.

ఒక సగంలోని ఆ రెండు అదనపు సిస్టీన్లూ హెవీ చెయిన్ సీడీఆర్3 (యాంటిజెన్‌ను పట్టుకునే లూప్)లోనే ఉంటే, ఆ లూప్‌లో కొంత భాగాన్నిచ్చే డీ జన్యువు చూడండి. ఐజీహెచ్‌డీ 2-2, 2-8, 2-15 జన్యువులు ఒక రీడింగ్ ఫ్రేమ్‌లో నాలుగు అమినో ఆమ్లాల ఎడంతో రెండు సిస్టీన్లనిస్తాయి. 2-21లో ఎడం మూడే. వాటి మధ్య బంధం పొడవాటి లూప్‌ను బిగించి ఒక ఆకారంలో నిలుపుతుంది. హెపటైటిస్ సి వైరస్ ఈ2 ప్రోటీన్‌ను పట్టుకునే కొన్ని యాంటీబాడీల్లో ఉన్నది ఇదే. ఇక్కడ ఒక్కదాన్నే మారిస్తే రెండోది ఒంటరిదై, అణువులు ఒకదానికొకటి అంటుకునే ప్రమాదం తెస్తుంది.

స్వేచ్ఛా థయాల్ (జత లేని సిస్టీన్‌లోని ఎస్‌హెచ్ సమూహం) కొలవడానికి ఎల్‌మన్ పరీక్ష చాలు. 0.1 మోలార్ సోడియం ఫాస్ఫేట్, పీహెచ్ 8.0, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ, 6 మోలార్ గ్వానిడీన్ హైడ్రోక్లోరైడ్ తీసుకోండి. ప్రోటీన్ మడతలు విప్పే గ్వానిడీన్ లేకపోతే లోపల దాగిన థయాల్ లెక్కకు రాదు. థయాల్‌తో కలిసి రంగునిచ్చే డీటీఎన్‌బీ వేసి, 15 నిమిషాల తర్వాత 412 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకుని, ప్రోటీన్ లేని బ్లాంక్‌ను తీసేయండి. మిల్లీలీటరుకు 1 మి.గ్రా. ఐజీజీలో రెండు స్వేచ్ఛా థయాల్స్ ఉంటే 1 సెం.మీ. క్యూవెట్‌లో సుమారు 0.18 రావాలి. శాంపిల్‌లో డీటీటీ (థయాల్ ఉన్న రిడ్యూసింగ్ రసాయనం) ఆనవాలున్నా రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది.

సున్నా వచ్చినా సంబరపడొద్దు. కణాల్లో తయారయ్యేటప్పుడే ఒంటరి సిస్టీన్‌కు మరో సిస్టీన్ గానీ గ్లూటాథయోన్ (కణాల్లోని చిన్న పెప్టైడ్) గానీ తగులుకుంటుంది. అప్పుడు డీటీఎన్‌బీకి థయాల్ దొరకదు. పీఎన్‌జేస్ ఎఫ్ ఎంజైమ్‌తో చక్కెరలు తీసేసి, రిడ్యూస్ చేయకుండా (డైసల్ఫైడ్ బంధాలు తెంచకుండా) మాస్ స్పెక్ట్రోమీటర్‌లో మాస్ చూడండి. ఒక్కో చోటా 119 డాల్టన్లు పెరిగితే సిస్టీన్, 305 పెరిగితే గ్లూటాథయోన్.

ఏది దేనితో జతకట్టిందో పెప్టైడ్ మ్యాపే (ప్రోటీన్‌ను ముక్కలు చేసి ఒక్కోటీ గుర్తించడం) చెబుతుంది. ఇక్కడ ఎక్కువగా చెడేది పీహెచ్ దగ్గర: క్షార ద్రావణంలో స్వేచ్ఛా థయాల్ పక్క బంధాలను తెంచి, లేని జతలు సృష్టిస్తుంది. అందుకే పీహెచ్ 6.5 దగ్గర ఎన్-ఇథైల్‌మేలిమైడ్‌తో స్వేచ్ఛా థయాల్‌ను ముందే మూసేసి, ఆ తర్వాతే ప్రోటీన్‌ను కోసే ట్రిప్సిన్ వేయాలి. రిడ్యూస్ చేశాక మాయమయ్యే పీక్‌లే బంధమున్న పెప్టైడ్లు.

ఒంటరిదని తేలితే జెర్మ్‌లైన్ (పుట్టుకతో వచ్చిన, మార్పులకు గురికాని జన్యువు)లో ఆ స్థానంలో ఏముందో చూడండి. టైరోసీన్ కోడాన్‌లో ఒక్క బేస్ మారినా సిస్టీన్ అవుతుంది, కాబట్టి మొదట జెర్మ్‌లైన్ అమినో ఆమ్లానికే తిప్పి చూడాలి, తర్వాతే సెరీన్ లేదా అలనీన్. జత అయితే రెండింటినీ కలిపి మార్చిన రకం ఒకటి చేసి, బంధన శక్తి పడిపోతే మూల సీక్వెన్స్‌నే ఉంచండి.