ఎక్కువ రేటు చెప్పారని వెంటనే టోకెన్ తీసుకోకండి

బెంగళూరులో సొంత ఫ్లాట్ అమ్ముతున్న మనవాళ్లకు ఒక మాట. ఒకేసారి ముగ్గురు కొంటామని వస్తే తొందరపడకండి. మారతహళ్లిలో మా ఫ్లాట్ అమ్మినప్పుడు, ఒకాయన అందరికంటే రెండు లక్షలు ఎక్కువ ఇస్తానంటే మిగతా ఇద్దరికీ వద్దని చెప్పేశాను. తీరా ఆయనకు లోన్ రాలేదు. రెండు నెలలు పోయాయి, ఆ ఇద్దరూ వేరేచోట కొనేసుకున్నారు.

అందుకే ఒక కాగితం మీద ఒక్కొక్కరి పేరు ఎదురుగా రాసుకోండి: రేటు ఎంత, అందులో లోన్ ఎంత, అడ్వాన్స్ ఎంత, రిజిస్ట్రేషన్ ఎప్పటికి. "బ్యాంకువాళ్లతో మాట్లాడుతున్నామండీ" అనడం వేరు, శాంక్షన్ లెటర్ (లోన్ మంజూరైందని బ్యాంకు ఇచ్చే కాగితం) చూపించడం వేరు. లెటర్ ఉన్నవాళ్లు లక్ష తక్కువ అడిగినా నేనైతే వాళ్లకే ఇస్తాను. పాత ఇల్లు అమ్ముడుపోయాకే డబ్బు కడతామనేవాళ్లను చివర పెట్టండి.

అందరికీ ఒకటే గడువు ఇవ్వండి: "ఆదివారం సాయంత్రంలోగా మీ ఆఖరి రేటు వాట్సాప్‌లో పెట్టండి." ఒకరి రేటు ఇంకొకరికి చెప్పకండి, లేని రేటు అసలే చెప్పకండి.

అడ్వాన్స్ బ్యాంకు ద్వారానే తీసుకోండి. 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. రేటు 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (మీ పేరున ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, కంగారు పడకండి. ఈ-ఖాతా (ఫ్లాట్ మీ పేరున ఉన్నట్టు నగరపాలక సంస్థ ఇచ్చే ఆన్‌లైన్ రికార్డు), ఈసీ (ఫ్లాట్ మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) ముందే తీసిపెట్టుకోండి.

అగ్రిమెంట్ మీద సంతకాలు అయ్యేదాకా రెండో వాళ్లతో తెగతెంపులు చేసుకోకండి. ఉన్న విషయం చెప్పి, వారం ఆగమని అడగండి.