ఆర్పా (రాడార్ చుక్కల దారిని తానే లెక్కగట్టే పరికరం) ఉన్నా పెన్సిల్ పక్కన పెట్టొద్దు
పొగమంచులో రాడార్ మీద ఎదురుగా చుక్క కనిపిస్తే ఒక్క కొలత చూసి నిర్ణయానికి రావద్దు, మూడు నిమిషాలకోసారి బేరింగ్ (అది ఏ దిశలో ఉందో చెప్పే కోణం), దూరం తీసుకుని ప్లాటింగ్ షీట్ మీద మూడు గుర్తులు పెట్టి గీత కలపండి. దాన్ని పొడిగిస్తే మధ్యలో ఉన్న మన ఓడకి ఎంత దగ్గరగా పోతుందో అదే సీపీఏ, అంటే రెండు ఓడల మధ్య మిగిలే అతి తక్కువ దూరం. మొదటి గుర్తు నుంచి మూడోదానికి 6 నిమిషాలు, అంటే గంటలో పదో వంతు, కాబట్టి ఆ మధ్య దూరాన్ని పదితో హెచ్చిస్తే సాపేక్ష వేగం వచ్చేస్తుంది, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. 10 నాటికల్ మైళ్ల దగ్గరున్నది ఆ 6 నిమిషాల్లో అదే బేరింగ్‌లో 8కి వచ్చిందా? 20 నాట్లు (గంటకి 20 నాటికల్ మైళ్లు), ఢీకొనడానికి ఇంకా 24 నిమిషాలే. తప్పించుకోడానికి ఓడని తిప్పితే అవతలివాడి రాడార్‌లోనూ తెలిసేంత గట్టిగా తిప్పండి, ఐదేసి డిగ్రీలు జరపడం దండగ. ముందున్న ఓడ కోసం ఎడమకి మాత్రం వద్దు (మనం దాటిపోతున్నదైతే తప్ప). తిప్పాక మళ్లీ ప్లాట్ చేయాల్సిందే.