ఇన్సులిన్ వేసుకుంటున్నా షుగర్ దిగకపోతే: మోతాదు పెంచే ముందు చూడవలసినవి

ఇన్సులిన్ వాడేవారికి సూది వేసుకోవడం నేర్పే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. మోతాదు ఎంత పెంచినా షుగర్ దిగడం లేదని వచ్చేవారు సాధారణంగా ఒక లావుపాటి పుస్తకం తెస్తారు. ఏ పూట ఏం తిన్నారో, ఎంత దూరం నడిచారో, ఎన్ని యూనిట్లు వేసుకున్నారో తేదీలతో సహా అందులో రాసి ఉంటుంది. అదంతా చదివాక సూది వేసుకునే చోటు ఒకసారి చూపించమని అడిగితే, ఇంతవరకు ఎవరూ అడగలేదే అన్నట్లు ముఖం పెడతారు. నన్ను విసిగించేది రోగి కాదు, ఆ చోటును తడిమి చూడకుండానే రెండు యూనిట్లు, మరో రెండు యూనిట్లు అంటూ పెంచుకుంటూ పోయే అలవాటు. సూది వేసుకోవడం, మీటరుతో పరీక్ష చేసుకోవడం మీకు వచ్చుననే అనుకుని, అసలు తప్పు జరిగే చోట్ల గురించే రాస్తున్నాను.

అంకె ఒక్కసారే అర్థం లేకుండా ఎక్కువగా వస్తే

ముందు చేతులు కడుక్కోండి. పండు ఒలిచిన వేలి మీద మిగిలిన తీపి మీటరును సులువుగా మోసం చేస్తుంది, పైగా స్పిరిట్ దూదితో తుడిచినంత మాత్రాన అది పూర్తిగా పోదు. సబ్బుతో కడిగి, పొడిగా తుడుచుకుని, వేరే వేలి నుంచి మళ్ళీ చూడండి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచారేమో, గడువు తేదీ దాటిందేమో కూడా ఇప్పుడే చూసుకోవాలి. రెండోసారి కూడా అదే అంకె వస్తేనే కింద చెప్పిన వాటి జోలికి వెళ్ళండి. కడగని వేలి అంకెను నమ్మి అదనంగా ఇన్సులిన్ వేసుకుని, రెండు గంటల తరువాత చెమటలు పట్టి వణికిపోయినవారు నాకు తెలుసు.

కొత్త సీసా, కొత్త సిరంజి లేదా కొత్త ఇన్సులిన్ పెన్ను మొదలుపెట్టిన రోజు నుంచే తేడా వస్తే

సిరంజి వాడేవారు సీసా మీద రాసి ఉన్న బలాన్ని, సిరంజి మీద ఉన్న అంకెను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉన్న మందును 100 యూనిట్ల సిరంజితో 20వ గీత వరకు తీస్తే శరీరంలోకి వెళ్ళేది 8 యూనిట్లే, కాబట్టి షుగర్ దిగకపోవడంలో వింతేమీ లేదు. ఇది తారుమారైతే, అంటే 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో 20వ గీత వరకు తీస్తే, ఏకంగా 50 యూనిట్లు వెళతాయి, అది ప్రాణం మీదికి తెస్తుంది.

పెన్ను వాడేవారు కొత్త సూది బిగించిన ప్రతిసారీ 2 యూనిట్లు తిప్పి, సూదిని పైకి పట్టుకుని బొత్తాం నొక్కి, కొన మీద చుక్క కనిపించాకే అసలు మోతాదు పెట్టుకోవాలి. చుక్క రాలేదంటే సూది మూసుకుపోయిందనో, లోపల గాలి ఉందనో అర్థం. బొత్తాం పూర్తిగా నొక్కాక, దాని మీద వేలు తీయకుండా మనసులో పది వరకు లెక్కపెట్టి అప్పుడు సూది బయటకు లాగాలి. తొందరపడి లాగితే చర్మం మీద మిగిలే తడి మీ మోతాదులోని భాగమే. వాడిన సూదిని పెన్నుకే వదిలేస్తే లోపలికి గాలి చేరుతుంది, మందు కారిపోతుంది. పని అయిన వెంటనే తీసేయండి.

కొన్నాళ్ళు బాగా పనిచేసిన మందు మెల్లమెల్లగా పనిచేయడం మానేస్తే

మందు చెడిపోయి ఉండవచ్చు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, అయితే ఫ్రిజ్‌లో ఐసు పేరుకునే గోడకు ఆనించకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా ఇక పనికిరాదు, పారేయవలసిందే. తెరిచి వాడుతున్నదాన్ని ఎండ, వేడి తగలని చోట బయటే ఉంచుకోవచ్చు. చాలా రకాలకు గడువు 28 రోజులు, మీ రకానికి ఎంతో దాని కాగితంలో ఉంటుంది. తెరిచిన తేదీని సీసా మీదో పెన్ను మీదో రాసుకోని మనిషికి ఆ గడువు వల్ల ఉపయోగం లేదు. నీళ్ళలా ఉండవలసిన మందు మబ్బుగా మారినా, అందులో నలకలు తేలినా వాడకూడదు. సహజంగానే పాలలా ఉండే, మధ్యస్థ కాలం పనిచేసే ఇన్సులిన్‌ను, మిశ్రమ ఇన్సులిన్‌ను మాత్రం రెండు అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేసి, అంతటా ఒకే తెలుపు వచ్చాకే వేసుకోవాలి. అడుగున తెల్లటి పొడి పేరుకున్న పెన్నుతో ఒకరోజు నీళ్ళు, మరొక రోజు చిక్కటి మందు వేసుకున్నట్లే అవుతుంది.

ఒకరోజు 280, మరునాడు 65: తిండీ మోతాదూ మారకపోయినా అంకెలు ఎగిరిపడుతుంటే

నేను దెబ్బతిన్నది ఇక్కడే, కాబట్టి దీని గురించి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ఇన్సులిన్‌కు కొవ్వును పెంచే గుణం ఉంది. అదే చోట నెలల తరబడి సూది పడుతుంటే చర్మం కింది కొవ్వు అక్కడ ఉబ్బి, మెత్తగానో రబ్బరులా గట్టిగానో మారి, గడ్డలా తయారవుతుంది. వైద్యులు దీన్ని లైపోహైపర్ట్రఫీ అంటారు. వాడిన సూదినే మళ్ళీ మళ్ళీ వాడటం ఈ ముప్పును మరింత పెంచుతుంది. ఇందులో మోసం ఏమిటంటే, గడ్డ ఉన్న చోట సూది పొడిస్తే నొప్పి తక్కువగా ఉంటుంది. దాంతో మనిషి తనకు తెలియకుండానే ఆ చోటినే ఎంచుకుంటాడు, గడ్డ ఇంకా పెరుగుతుంది, నొప్పి ఇంకా తగ్గుతుంది. అందులో పడిన మందు రక్తంలోకి సరిగా చేరదు. ఒకరోజు సగమే చేరవచ్చు, మరొక రోజు ఆలస్యంగా వచ్చి, తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయాక పనిచేయవచ్చు. అందుకే పగలు 280, అర్ధరాత్రి 65 ఒకే మనిషిలో కనిపిస్తాయి. ఇలా ఎగిరిపడే అంకెలను చూసి దొంగచాటుగా తింటున్నారని రోగిని అనుమానించడం మామూలే, కానీ చాలాసార్లు ఆ అనుమానం అన్యాయం.

ఒక పెద్దాయన మోతాదు ఐదు నెలల్లో 22 యూనిట్ల నుంచి 34కి పెరిగింది. బొడ్డుకు ఎడమ పక్కన అరచేయంత మెత్తని దిబ్బ ఉంది. దాని మీద చర్మం నున్నగా మెరుస్తోంది. సూది అక్కడే వేసుకుంటానని, ఇంకెక్కడైనా పొడిస్తే చురుక్కుమంటుందని, ఇక్కడైతే తెలియదని ఆయనే చెప్పారు. కారణం దొరికిందన్న సంతోషంలో, ఇకనుంచి కుడి పక్కన వేసుకోండని చెప్పి పంపించేశాను. మోతాదు మాట ఎత్తలేదు. ఆ రాత్రి రెండు గంటలకు ఆయన భార్య నిద్రలేచి చూస్తే పక్కబట్టలు చెమటతో తడిసి, ఆయన అర్థం లేని మాటలు మాట్లాడుతున్నారట. మీటరులో 46. ఆమె చక్కెర నీళ్ళు పట్టించారు కాబట్టి తేరుకున్నారు. గడ్డలో సగం వృథా అవుతున్న 34 యూనిట్లు ఆరోగ్యకరమైన చర్మం కింద పడగానే పూర్తిగా 34 యూనిట్లుగా పనిచేశాయి. ఆ తప్పు నాది, ఆయనది కాదు.

అందుకే తడిమి చూడటం ఎలాగో, తరువాత ఏం చేయాలో రెండూ కలిపి చెప్పుకోవాలి. మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి, పక్క నుంచి పొట్టను, తొడలను చూడండి. ఒక వైపు కంటే మరొక వైపు ఎత్తుగా ఉందా, వెంట్రుకలు రాలి నున్నబడిందా అన్నది కంటికి తెలుస్తుంది. కానీ చాలా గడ్డలు కంటికి కనిపించవు. స్నానం చేసేటప్పుడు సబ్బు నురుగు ఉండగా వేళ్ళ కొనలను నెమ్మదిగా, గట్టిగా నొక్కకుండా, చర్మం మీద జార్చుకుంటూ పోండి. వేళ్ళు సాఫీగా పోతూ పోతూ ఒకచోట కాస్త బరువెక్కిన దిండు అంచు తగిలినట్లు ఆగితే, అదే గడ్డ మొదలయ్యే చోటు. ఆ తరువాత చర్మాన్ని రెండు వేళ్ళతో గిల్లి పట్టుకోండి. ఆరోగ్యకరమైన చోట పలుచని మడత పడుతుంది, గడ్డ మీద మడత పడదు. పడుకుని ఒకసారి, నిలబడి ఒకసారి చూడాలి. గడ్డ అంచులను రాసే పెన్నుతో గీసుకుంటే ఎక్కడ పొడవకూడదో మీకూ, సూది వేసే ఇంట్లోవారికీ గుర్తుంటుంది.

గడ్డ దొరికితే అక్కడ సూది పూర్తిగా మానేయాలి. కానీ చోటు మార్చే ముందు మీ వైద్యుడితో మాట్లాడి మోతాదు తగ్గించుకోవాలి. సాధారణంగా 10 నుంచి 20 శాతం తగ్గించి మొదలుపెట్టమంటారు, కొందరికి అంతకంటే ఎక్కువ కూడా తగ్గించవలసి వస్తుంది. ఎంత అన్నది మీ అంకెలు తెలిసిన వైద్యుడే చెప్పాలి. మొదటి రెండు వారాలు పరగడుపున, భోజనాలకు ముందు, పడుకునే ముందు చూసుకోండి, మొదటి కొన్ని రోజులు తెల్లవారుజామున 3 గంటలకు కూడా ఒకసారి చూసుకోండి. అంకె 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు లేదా చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించుకోవాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇకముందు గడ్డ రాకుండా ఉండాలంటే చోటు మార్చడం అంటే ఏమిటో సరిగా తెలియాలి. ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మారడం ఒక్కటే చాలదు. పొట్టను నాలుగు భాగాలుగా అనుకుని, వారానికి ఒక భాగం వాడుతూ, ఆ భాగంలో కూడా ప్రతి సూదికీ ముందటి చోటు నుంచి కనీసం ఒక వేలి వెడల్పు దూరం జరగాలి. బొడ్డుకు రెండు వేళ్ళ దూరం వదలాలి. పొట్ట, తొడ, చేయి ఒకే వేగంతో మందును పీల్చుకోవు, పొట్ట దగ్గర త్వరగా, తొడ దగ్గర నెమ్మదిగా చేరడం చాలా రకాల ఇన్సులిన్‌లలో చూస్తాం. అందుచేత ఒక పూట మందుకు ఒకే అవయవాన్ని ఎంచుకుని, అందులోనే చోట్లు మార్చడం మేలు. ప్రతిసారీ కొత్త సూది వాడాలి. పెద్దవారిలో దాదాపు అందరికీ 4 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది, లావుగా ఉన్నవారికి పొడవాటి సూది కావాలన్నది పాత నమ్మకం. వేసుకున్న చోటును రుద్దకండి. గడ్డను రుద్ది కరిగించవచ్చని చెప్పేవారి మాట వినకండి, అక్కడ సూది ఆపితే అది నెలల మీద దానంతట అదే మెత్తబడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

ఇన్సులిన్ పంపు వాడేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. సన్నని గొట్టం పెట్టే చోటును తరచూ ఒకే దగ్గర ఉంచితే గడ్డ వారికీ వస్తుంది.

పరగడుపున ఎప్పుడూ ఎక్కువగా ఉంటే

రాత్రి పడుకునే ముందు, తెల్లవారుజామున 3 గంటలకు, లేవగానే, ఈ మూడు అంకెలను వరసగా రెండు మూడు రోజులు రాయండి. పడుకునే ముందే ఎక్కువగా ఉండి అలాగే కొనసాగితే తప్పు రాత్రి భోజనానికి వేసుకున్న మందులో ఉంది. రాత్రి బాగానే ఉండి 3 గంటల తరువాత మెల్లగా పైకి ఎక్కితే, అది తెల్లవారుజామున శరీరం విడుదల చేసే హార్మోన్ల పని. అప్పుడు దీర్ఘకాలిక ఇన్సులిన్ మోతాదునో వేళనో వైద్యుడు సరిచేస్తాడు. రాత్రి షుగర్ పడిపోయి, దానికి ఎదురుదెబ్బగా ఉదయం ఎక్కువవుతుందన్న వాదన చాలామంది చెబుతారు, కానీ అది అనుకున్నంత తరచుగా జరగదు. 3 గంటల అంకె 70 లోపు ఉంటేనే దాని గురించి ఆలోచించండి.

తిన్న రెండు గంటలకు ఎక్కువ, తరువాతి భోజనానికి ముందు తక్కువగా ఉంటే

మోతాదు కాదు, వేళ తప్పుతోంది. రెగ్యులర్ ఇన్సులిన్ భోజనానికి సుమారు 30 నిమిషాల ముందు, త్వరగా పనిచేసే కొత్తరకాలు సాధారణంగా 10 నుంచి 15 నిమిషాల ముందు వేసుకోవాలి. తిన్నాక గుర్తొచ్చి వేసుకున్న మందు అన్నాన్ని అందుకోలేదు. ఆ పెరిగిన అంకెను చూసి వెంటనే మరో సూది వేసుకుంటే రెండు సూదుల ప్రభావం ఒకదాని మీద ఒకటి పడి, కొన్ని గంటల తరువాత షుగర్ పడిపోతుంది.

మిగిలినవి

జ్వరం, పంటి చీము, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ షుగర్‌ను పెంచుతాయి, స్టెరాయిడ్ మాత్రలు, కీళ్ళలో వేసే స్టెరాయిడ్ సూదులు మరీ పెంచుతాయి. ఇన్సులిన్‌కు వ్యతిరేకంగా శరీరం యాంటీబాడీలు తయారు చేసుకోవడం, పాత జంతు ఇన్సులిన్‌ల కాలంలో ఎక్కువగా కనిపించిన చర్మపు గుంటలు వంటివి ఇప్పుడు అరుదు, వాటిని వైద్యుడికి వదిలేయండి. ఒక్కటి మాత్రం వదిలేయకూడదు: షుగర్ 250 దాటి, వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీయడం కలిసి వస్తే ఇంట్లో చిట్కాలు చూడకుండా కీటోన్ల (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాల) పరీక్ష చేయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాలి. తినలేకపోతున్నాం కదా అని టైప్ 1 (శరీరంలో ఇన్సులిన్ దాదాపుగా తయారుకాని రకం మధుమేహం) ఉన్నవారు దీర్ఘకాలిక ఇన్సులిన్ ఆపకూడదు.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే వైద్యుడి దగ్గరకు అంకెల పుస్తకంతో పాటు మీరు వాడుతున్న పెన్నునో సీసానో, దానితో వాడే సిరంజినో కొత్త సూదినో తీసుకువెళ్ళి, ఆ పూట మోతాదును అక్కడే, ఆయన ఎదుటే, ఇంట్లో ఎలా వేసుకుంటారో అలాగే వేసుకుని చూపించండి.