కుమమొతో కోటలో మేడ కంటే ముందు గోడలు చూడండి

జపాన్లోని ఈ కోటకి మొదటిసారి వెళ్లినప్పుడు నాలుగు దాటాక టికెట్ కొని, గబగబా మేడ, అంటే కోట మధ్యలో ఎత్తుగా ఉన్న కట్టడం, పై అంతస్తుకెక్కి, ఊరు చూసి దిగిపోయాను. నాలుగున్నర తర్వాత లోపలికి పంపరు, ఐదింటికి మూసేస్తారు. రెండోసారి అమ్మని తీసుకుని పొద్దున తొమ్మిదింటికే వెళ్లాను. కోట చూసింది అప్పుడే.

కుమమొతో స్టేషన్లో ట్రామ్ ఎక్కి కోట, సిటీ ఆఫీసు పేరుతో ఉన్న స్టాపులో దిగండి. టికెట్ పెద్దలకి 800 యెన్లు. దక్షిణం వైపు నుంచి వెళ్తే నేల మీద కాకుండా, ఆరు మీటర్ల ఎత్తున వంతెనలా కట్టిన దారి మీద నడుస్తాం. 2016 ఏప్రిల్ భూకంపాలకి కూలిన గోడల మరమ్మతుకి అడ్డు రాకుండా వేసిన దారి ఇది, దాదాపు 350 మీటర్లు. ఇక్కడ మాత్రం తొందరపడకండి.

దారిలో ఒకచోట రెండు రాతి గోడలు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. పాతది వాలుగా ఉంటుంది, తర్వాత చేర్చింది నిటారుగా ఉంటుంది. "ఇది కుచ్చిళ్లలా జారుతోంది, అది కర్రలా నిలబడింది" అంది అమ్మ. కొత్త గోడ మూల దగ్గర రాళ్లు చూడండి: ఒక వరసలో పొడుగు వైపు, దాని మీద వరసలో పొట్టి వైపు. ఇక్కడి గోడలు కింద ఎక్కేయొచ్చు అనిపించి, పైకి పోయేకొద్దీ నిలువుగా అయిపోతాయి. ఎక్కబోయిన సైనికుడు వెనక్కి తిరగాల్సిందే.

తర్వాత రాజభవనం కింద నుంచి పోయే చీకటి దారి దాటితే ఎదురుగా మేడ. కతో కియొమసా అనే ప్రభువు కట్టించిన అసలుది 1877లో కాలిపోయింది. ఇప్పుడున్నది 1960 నాటి కాంక్రీటు కట్టడం. కాంక్రీటుదే కదా అని పెదవి విరిచేవాళ్లుంటారు, విరవనివ్వండి. లోపల మ్యూజియం బాగుంది, భూకంపం కథ కూడా ఉంది. మోకాళ్ల నొప్పులుంటే మెట్ల సంగతి ముందే అడగండి. అమ్మ సగంలో కూర్చుండిపోయింది.

బయట కూలిన రాళ్లకి నంబర్లు వేసి పరిచారు. ఏ రాయి ఎక్కడిదో ఫొటోలతో పోల్చుకుని మళ్లీ అక్కడే పెడతారట. పని మొత్తం 2052కి పూర్తవ్వాలి. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి ఊరుకుంది.

ఫొటోకైతే ఉత్తరాన ఉన్న కతో గుడికి వెళ్లండి. మేడ అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది, టికెట్ అక్కర్లేదు.